పాత మిల్లింగ్ మెషిన్‌కు కొత్త గేరు

మిల్లింగ్ మెషిన్‌లో తిరిగేది కట్టర్, కదిలేది జాబ్. బల్ల మీద బిగించిన లోహపు ముక్కను తిరుగుతున్న కట్టర్ కిందికి మెల్లగా నడిపిస్తే, కట్టర్ పళ్లు దాన్ని పొరలు పొరలుగా చెక్కుతాయి. చదునైన తలాలు, గాడులు, గేరు పళ్లు ఈ మెషిన్ మీద తయారవుతాయి. దాని దిమ్మె, బల్ల, బల్లను మోసే దూలం అన్నీ బరువైన పోత ఇనుముతో చేసినవి. సరిగ్గా నూనె అందితే అవి రెండు తరాల పనివాళ్లను చూస్తాయి. ముందుగా పోయేవి లోపలి చిన్న భాగాలు. బల్లకు చలనం ఇచ్చే ఫీడ్ గేర్‌బాక్స్‌లో ఒక గేరుకు రెండు పళ్లు విరుగుతాయి, బల్లను నడిపే స్క్రూ నట్టు అరుగుతుంది, బుష్ వదులవుతుంది. ఆ మోడల్ తయారీ ఆగిపోయి ఉంటే విడిభాగం ఏ దుకాణంలోనూ దొరకదు. అప్పుడు ఆ భాగాన్ని కొత్తగా చేసుకోవాలి, లేదా మెషిన్ మొత్తాన్ని తుక్కు కింద తూకానికి అమ్ముకోవాలి.

కొత్తగా చేయడం అంటే పాతదాన్ని చూసి అచ్చం అలాగే దించడం కాదు. చేతిలో ఉన్నది అరిగిన వస్తువు. దాని కొలతలన్నీ పుట్టినప్పటివి కావు. అరిగిన గేరును కొలిచి అదే కొలతకు కొత్తది కోస్తే, కొత్త గేరు అరుగుదలతోనే పుడుతుంది. అందుకే ఈ పనిలో సగం కోతకు ముందే జరుగుతుంది. అరిగిన ముక్కలోంచి, దాని జత భాగంలోంచి, గేర్‌బాక్స్ పెట్టెలోంచి డిజైన్ చేసినవాడు మొదట అనుకున్న కొలతలను వెలికి తీయాలి. తర్వాతే లేత్, కట్టర్.

ఒక ప్రాంతంలోని మెషిన్లు

ఇలాంటి పని ఎక్కడ అవసరమవుతుందో చూడటానికి ఒక ప్రాంతాన్ని తీసుకుందాం. ఖమ్మం జిల్లాలో ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న వేంసూరు వ్యవసాయ మండలం. దాని చుట్టూ ఉన్న ప్రాంతంలో మాత్రం యంత్రాలకు కొదవ లేదు. సత్తుపల్లిలో సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులు, అశ్వారావుపేటలో పామాయిల్ ఫ్యాక్టరీ, పాల్వంచలో థర్మల్ విద్యుత్ కేంద్రం, సారపాకలో పేపర్ మిల్లు ఉన్నాయి. వీటికి తోడు ఊరూరా ట్రాక్టర్లు, మోటార్లు, రైస్ మిల్లులు. ఇవన్నీ ఏదో ఒక రోజు ఆగిపోతాయి, మరమ్మతు కోరతాయి. 1920లో కంపెనీగా ఏర్పడిన సింగరేణి కాలరీస్ కొత్తగూడెంలో సొంత మెయిన్ వర్క్‌షాప్ నడుపుతోంది. చిన్న ఊళ్లలో ఆ అవసరం తీర్చేవి లేత్ షాపులు. ఒక లేత్, ఒక డ్రిల్లింగ్ మెషిన్, వెల్డింగ్ సెట్, స్తోమత ఉంటే ఒక పాత మిల్లింగ్ మెషిన్ అక్కడి సరంజామా. పెద్ద సరుకు కావాలంటే ఒక పక్క విజయవాడ ఆటోనగర్, మరో పక్క హైదరాబాద్‌లోని బాలానగర్, జీడిమెట్ల.

ఇలాంటి షాపులకు చేరే మిల్లింగ్ మెషిన్లు చాలావరకు ఎక్కడో కర్మాగారంలో ఒక జీవితం గడిపి వచ్చినవి. 1953లో బెంగళూరులో మొదలైన హెచ్‌ఎంటీ తన పింజోర్ యూనిట్‌లో చేసిన ఎఫ్ఎన్2 తరహా మెషిన్లు దేశమంతటా వ్యాపించాయి. బెంగళూరులోనే 1961లో ఏర్పడిన భారత్ ఫ్రిట్జ్ వెర్నర్ మిల్లింగ్ మెషిన్లకు పేరు పొందింది. తెలుగు నేల మీద 1943లో సికింద్రాబాద్‌లో పుట్టిన ప్రాగా టూల్స్ సంస్థ టూల్ గ్రైండర్లు, సర్ఫేస్ గ్రైండర్లు చేసి, తర్వాత హెచ్‌ఎంటీ గొడుగు కిందికి వచ్చింది. వీటికంటే ముందు కాలపు బ్రిటిష్ మెషిన్లు కూడా అక్కడక్కడా ఇంకా తిరుగుతున్నాయి.

మెషిన్ ఎక్కడ, ఎప్పుడు పుట్టిందో తెలియడం మొదటి ఆధారం. భారతదేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది, అమలు 1958 నుంచి దశలవారీగా సాగింది. జర్మన్ డిజైన్‌తో ఇక్కడ తయారైన మెషిన్ లోపల మిల్లీమీటర్ కొలతలు ఉంటాయి. పాత బ్రిటిష్, అమెరికన్ మెషిన్లలో అంగుళాలు ఉంటాయి. కొత్త గేరుకు పట్టే కట్టర్ ఏదన్నది ఈ తేడాతోనే తేలుతుంది.

విరగడానికి కారణం

విరిగిన గేరును పక్కన పడేయకముందే దాన్ని పరిశీలించాలి. పన్ను మొదలంటా ఒక్కసారిగా తెగి, తెగిన చోట గరుకుగా, కొత్తగా మెరుస్తుంటే అది దెబ్బ వల్ల. బల్ల చివరి స్టాప్‌కు తగిలినా ఫీడ్ ఆగకపోవడం, మెషిన్ తిరుగుతుండగానే గేరు మార్చడం ఇందుకు కారణాలు. తెగిన చోట కొంత మేర నున్నగా, వలయాలు వలయాలుగా కనబడితే అది లోహపు అలసట. చిన్న పగులు వేర్ల దగ్గర పుట్టి, లక్షలసార్లు బరువు పడి పడి లోపలికి పాకిందని అర్థం. పంటి నడుమన చిన్న చిన్న గుంటలు పడితే ఆ గేరు ఎక్కువ ఒత్తిడికి లోనైందని, లేదా నూనె సరిగా అందలేదని అనుకోవాలి. పళ్లు ఒకే పక్కన, ఏటవాలుగా అరిగి ఉంటే షాఫ్ట్ వంగింది, లేదా బేరింగ్ పోయింది. ఆ మూలాన్ని సరిచేయకుండా కొత్త గేరు తొడిగితే అదీ అదే దారి పడుతుంది.

జత గేరును కూడా చూడాలి. ఒకటి బాగా అరిగి రెండోది కూడా అరిగినప్పుడు, ఒక్కదాన్నే మారిస్తే కొత్త పళ్లు పాత పళ్ల అరుగుదలకు తగ్గట్టు తొందరగా చెడతాయి, మోత కూడా పెడతాయి. అలాంటప్పుడు జత మొత్తాన్ని చేయడమే మేలు.

పళ్ల వంపు వెనుక గణితం

గేరు పంటి పక్క వంపును ఇన్వల్యూట్ అంటారు. ఒక వృత్తానికి చుట్టిన దారాన్ని బిగువు సడలకుండా విప్పుతూ పోతే దారం కొస గీసే గీత అది. ఈ వంపును గేరు పళ్లకు వాడవచ్చని 18వ శతాబ్దంలో గణితవేత్త ఆయిలర్ చూపించాడు. దీనికి ఒక గొప్ప లక్షణం ఉంది. రెండు షాఫ్ట్‌ల మధ్య దూరం కొద్దిగా అటూ ఇటూ అయినా వేగాల నిష్పత్తి మారదు. పాత మెషిన్‌లో బేరింగ్‌లు కాస్త అరిగినా గేర్లు సాఫీగా తిరగడానికి ఈ లక్షణమే కారణం.

గేరు పళ్ల పరిమాణం చెప్పే కొలతను మెట్రిక్ పద్ధతిలో మాడ్యూల్ అంటారు. రెండు గేర్ల పళ్లు ఎక్కడ కలుస్తాయో ఆ ఊహా వృత్తం పిచ్ వృత్తం. దాని వ్యాసాన్ని పళ్ల సంఖ్యతో భాగిస్తే మిల్లీమీటర్లలో మాడ్యూల్ వస్తుంది. పన్ను ఆ వృత్తానికి పైన ఒక మాడ్యూల్ మేర లేస్తుంది. కాబట్టి బయటి వ్యాసం అంటే పళ్ల సంఖ్యకు రెండు కలిపి మాడ్యూల్‌తో గుణించిన విలువ. అంగుళాల పద్ధతిలో డయామెట్రల్ పిచ్ లెక్క. ఒక అంగుళం పిచ్ వ్యాసానికి ఎన్ని పళ్లు అన్నదే ఆ సంఖ్య. వర్క్‌షాప్‌లో దాన్ని డీపీ అంటారు. 25.4ను డీపీతో భాగిస్తే దానికి సమానమైన మాడ్యూల్ తెలుస్తుంది.

పుట్టుకొలతలు వెలికి తీయడం

ఉదాహరణగా ఫీడ్ గేర్‌బాక్స్‌లో రెండు పళ్లు విరిగిన ఒక గేరును తీసుకుందాం. మొదట పళ్లు లెక్కపెట్టాలి. విరిగిన పళ్ల మొదళ్లను కూడా కలుపుకుంటే 36 వచ్చాయనుకుందాం. బయటి వ్యాసం వెర్నియర్‌తో కొలిస్తే 75.9 మిల్లీమీటర్లు. దాన్ని 38తో భాగిస్తే 1.997. అంటే మాడ్యూల్ 2, అసలు బయటి వ్యాసం 76. అదే 12 డీపీ గేరు అయితే మాడ్యూల్ 2.117 అయి, బయటి వ్యాసం 80.4 దాకా ఉండేది. తేడా స్పష్టంగానే ఉంది. పళ్ల సంఖ్య బేసి అయినప్పుడు ఒక పంటికి సరిగ్గా ఎదురుగా మరో పన్ను ఉండదు. అప్పుడు నడిమి రంధ్రం అంచు నుంచి పంటి కొస వరకు కొలిచి, దానికి రంధ్రం వ్యాసంలో సగం కలిపి, మొత్తాన్ని రెట్టింపు చేయాలి.

ఒక్క కొలతను నమ్మి ముందుకు పోకూడదు. రెండో సాక్షి షాఫ్ట్‌ల మధ్య దూరం. ఈ గేరుకు జత 54 పళ్లది అయితే, 36, 54 కలిపి 90. దాన్ని మాడ్యూల్ 2తో గుణించి సగం చేస్తే 90 మిల్లీమీటర్లు. గేర్‌బాక్స్ పోతలోని రెండు రంధ్రాల కేంద్రాల మధ్య అంతే దూరం ఉంటే లెక్క సరైనదే. పోతలోని ఆ దూరం అరగదు కాబట్టి ఈ సాక్ష్యం విలువైనది. బయటి వ్యాసం ఒకటి చెబుతూ, షాఫ్ట్‌ల దూరం మరొకటి చెబుతుంటే, డిజైన్‌లోనే పళ్లను కొద్దిగా పైకో కిందికో జరిపి కోసిన సవరణ గేరు కావచ్చు. అప్పుడు ఆ సవరణ ఎంతో కూడా లెక్కకట్టాల్సిందే.

మూడోది ప్రెషర్ కోణం. రెండు పళ్లు ఒకదాన్నొకటి నెట్టే దిశను ఇది చెబుతుంది. పాత గేర్లలో 14.5 డిగ్రీలు ఎక్కువ, తర్వాతి కాలంలో 20 డిగ్రీలు ప్రమాణమైంది. కంటికి తెలిసే తేడా తక్కువ. ఇన్వల్యూట్ లక్షణాన్ని వాడుకునే ఒక చక్కని ఉపాయంతో దీన్ని కనిపెట్టవచ్చు. వెర్నియర్ దవడల మధ్య నాలుగు పళ్లను కలిపి పట్టి ఒక కొలత తీయాలి. తర్వాత ఐదు పళ్లను పట్టి మరో కొలత. ఈ గేరులో మొదటిది 21.47, రెండోది 27.37 వచ్చిందనుకుంటే, తేడా 5.90. మాడ్యూల్ 2, కోణం 20 డిగ్రీలు అయితే ఈ తేడా లెక్క ప్రకారం 5.904 ఉండాలి. 14.5 డిగ్రీలు అయితే 6.083 ఉండాలి. కాబట్టి ఈ గేరు 20 డిగ్రీలది.

ఈ ఉపాయం గొప్పదనం తీసివేతలో ఉంది. పళ్లు ఇంచుమించు ఒకేలా అరిగి ఉంటే, ఆ అరుగుదల రెండు కొలతల్లోనూ సమానంగా చేరుతుంది, ఒకదాన్నుంచి మరొకటి తీసేసినప్పుడు మాయమవుతుంది. కొత్త గేరుకు నాలుగు పళ్ల కొలత 21.67 ఉండాలి. చేతిలో ఉన్నది 21.47. అంటే ఈ గేరు 0.2 మిల్లీమీటర్లు అరిగింది. అరిగిన వస్తువే తన పుట్టుకొలతనూ, తన అరుగుదలనూ రెండింటినీ చెబుతుంది.

గేరు ముక్కలైపోయి పళ్లు లెక్కకు అందకపోయినా దారి ఉంది. మెషిన్ మీద ఉండే ఫీడ్ పట్టికలో నిమిషానికి ఇన్ని మిల్లీమీటర్లు అని వరుసగా అంకెలు ఉంటాయి. ఇవి సాధారణంగా ఒకే గుణకంతో పెరుగుతూ పోయే వరుస. మిగిలిన గేర్ల పళ్లు లెక్కించి, పట్టికలోని రెండు అంకెల నిష్పత్తి చూస్తే పోయిన గేరుకు ఎన్ని పళ్లు ఉండాలో తేలుతుంది.

ఏ ఉక్కు

పాత గేరు ఏ లోహమో తెలుసుకోవడానికి షాపులో రెండు మోటు పరీక్షలు చాలు. ఆకురాయి పంటి మీద జారిపోతే పైపొర గట్టిపరచినది, పట్టి గీస్తే మెత్తనిది. గ్రైండింగ్ చక్రానికి ఆనిస్తే వచ్చే నిప్పురవ్వలు రెండో ఆధారం. కార్బన్ ఎక్కువైన కొద్దీ రవ్వలు ఎక్కువగా చిట్లి పూలు పూస్తాయి. పోత ఇనుముకు రవ్వలు పొట్టిగా, ఎర్రగా ఉంటాయి. కంచు జాతి లోహాలకు రవ్వలే రావు.

మన దేశంలో ఉక్కు దుకాణాల్లో నేటికీ పాత బ్రిటిష్ ఈఎన్ అంకెలే చెలామణి. సుమారు 0.4 శాతం కార్బన్ ఉన్న ఈఎన్8 మామూలు పనులకు సరిపోతుంది, సులభంగా దొరుకుతుంది. ఎక్కువ బరువు మోసే గేర్లకు ఈఎన్19, ఈఎన్24 వంటి మిశ్రమ ఉక్కులు ఉన్నాయి. పైపొర మాత్రమే గట్టిపడి లోపలి భాగం మెత్తగా, సాగే గుణంతో ఉండాలంటే ఈఎన్353 లాంటి తక్కువ కార్బన్ ఉక్కు కావాలి.

గట్టి ఉక్కే మంచిదన్న భ్రమ ఇక్కడ పనికిరాదు. కొన్ని మెషిన్లలో ఒక గేరును కావాలనే పోత ఇనుముతోనో, కంచుతోనో, ఫైబర్‌తోనో చేస్తారు. బల్ల ఇరుక్కుపోతే ముందుగా అది విరిగి, ఖరీదైన షాఫ్ట్‌లను, పెద్ద గేర్లను కాపాడుతుంది. ఆ పని కరెంటు మీటర్ పక్కనున్న ఫ్యూజు చేసే పనే. దాని స్థానంలో ఈఎన్24 గేరు తొడిగితే, తర్వాతి దెబ్బ మరో చోట, మరింత ఖరీదుగా తగులుతుంది.

బ్లాంక్ తయారీ

పళ్లు కోయకముందు ఉండే గుండ్రటి బిళ్లను బ్లాంక్ అంటారు. గుండ్రటి ఉక్కు కడ్డీ నుంచి పవర్ హ్యాక్సాతో ముక్క కోసి లేత్ చక్‌లో బిగిస్తారు. ముఖం సరిచేసి, రంధ్రం వేసి, బోరింగ్ టూల్‌తో దాదాపు కొలతకు తెచ్చి, చివరగా రీమర్ వేస్తారు. ఈ గేరు షాఫ్ట్ 25 మిల్లీమీటర్లు అయితే రంధ్రం 25.000 నుంచి 25.021 లోపు ఉండాలి. ఆ హద్దును డ్రాయింగుల్లో హెచ్7 అని రాస్తారు. షాఫ్ట్ కూడా అరిగి ఉండవచ్చు కాబట్టి దాన్ని అరగని చోట మైక్రోమీటర్‌తో కొలిచి చూసుకోవాలి.

ఇక్కడ మరిచిపోకూడని నియమం, రంధ్రమూ బయటి వ్యాసమూ ఒకే పట్టులో, జాబ్‌ను చక్ నుంచి తీయకుండా చేయడం. తీసి మళ్లీ బిగిస్తే రెండు కేంద్రాలు కొద్దిగా తప్పుతాయి. ఆ తప్పు గేరు ఒక్క చుట్టు తిరిగేలోగా ఒకసారి బిగువుగా, ఒకసారి వదులుగా పట్టడంలో బయటపడుతుంది. ఒకే పట్టులో కుదరకపోతే, పూర్తయిన రంధ్రంలోకి మాండ్రిల్ అనే కడ్డీని దిగ్గొట్టి, దాన్ని సెంటర్ల మధ్య పెట్టి బయటి వ్యాసం తిప్పాలి. ఈ గేరుకు బయటి వ్యాసం 76 మిల్లీమీటర్లు. కీ గాడిని పళ్లు కోశాక స్లాటింగ్ మెషిన్ మీదనో, బ్రోచ్‌తోనో తీస్తారు. 25 మిల్లీమీటర్ల షాఫ్ట్‌కు ప్రమాణ కీ వెడల్పు 8 మిల్లీమీటర్లు.

చుట్టును 36గా పంచడం

పళ్లన్నీ సమాన దూరంలో రావాలంటే ఒక్కో పన్ను కోశాక బ్లాంక్‌ను కచ్చితంగా 36వ వంతు తిప్పాలి. ఆ పని చేసేది డివైడింగ్ హెడ్. 1860ల మొదట్లో అమెరికాలో జోసెఫ్ బ్రౌన్ ట్విస్ట్ డ్రిల్లుల మెలి గాడులు కోయడానికి యూనివర్సల్ మిల్లింగ్ మెషిన్ రూపొందించాడు. బ్రౌన్ అండ్ షార్ప్ సంస్థ 1862లో దాన్ని అమ్మకానికి తెచ్చింది. డివైడింగ్ హెడ్ దానిలో ముఖ్య భాగం. నేటికీ చిన్న షాపుల్లో ఉన్న హెడ్‌లు ఆ ఆలోచనకు వారసులే.

హెడ్ లోపల స్క్రూ లాంటి ఒక వర్మ్, దానితో జతపడే 40 పళ్ల వర్మ్ చక్రం ఉంటాయి. హ్యాండిల్ 40 చుట్లు తిప్పితే జాబ్ ఒక్క చుట్టు తిరుగుతుంది. 36 పళ్లకు ఒక్కో పంటికి 40ని 36తో భాగించినన్ని చుట్లు, అంటే ఒక చుట్టు, ఒక చుట్టులో తొమ్మిదో వంతు. ఆ తొమ్మిదో వంతు కోసం రంధ్రాల ప్లేటు ఉంది. ప్లేటు మీద 18 రంధ్రాల వలయం ఎంచుకుంటే తొమ్మిదో వంతు అంటే 2 రంధ్రాలు. 27 రంధ్రాల వలయమైతే 3. అలా ఒక పూర్తి చుట్టు, పైన 2 రంధ్రాలు, ఇలా 36 సార్లు. 37 పళ్ల గేరుకైనా 37 రంధ్రాల వలయం ఉన్న ప్లేటు దొరుకుతుంది. 53 పళ్లకు బ్రౌన్ అండ్ షార్ప్ తరహా ప్లేట్లలో వలయం లేదు. అప్పుడు హెడ్‌కు మార్పు గేర్లు కలిపి, ప్లేటే కొద్దిగా తిరిగేలా చేసే డిఫరెన్షియల్ పద్ధతి వాడాలి.

హ్యాండిల్‌ను ఎప్పుడూ ఒకే దిశలో తిప్పాలి. వర్మ్‌లో కొద్దిపాటి ప్లే, అంటే వదులు, ఉంటుంది. రంధ్రం దాటిపోతే అంతవరకే వెనక్కి రాకుండా, బాగా వెనక్కి పోయి మళ్లీ అదే దిశలో వచ్చి పిన్ను దించాలి.

కట్టర్ ఎంపిక

గేరు పంటి ఖాళీ ఆకారాన్నే తన అంచుగా ధరించిన కట్టర్‌తో ఒక్కో ఖాళీ కోస్తారు. ముఖాన్ని నూరి పదును పెట్టినా ఆకారం చెదరని గేరు కట్టర్‌ను కూడా 1860ల్లోనే బ్రౌన్ రూపొందించాడు. అయితే పళ్ల సంఖ్య మారితే పంటి వంపు మారుతుంది. 12 పళ్ల గేరుకు వంపు ఎక్కువ, వంద పళ్ల గేరుకు దాదాపు నిటారు. ప్రతి సంఖ్యకూ ఒక కట్టర్ పెట్టుకోవడం అసాధ్యం. అందుకే ఒక్కో మాడ్యూల్‌కు 8 కట్టర్ల సెట్‌తో సర్దుకుంటారు. 12, 13 పళ్లకు ఒకటి, 14 నుంచి 16కు ఒకటి, 17 నుంచి 20, 21 నుంచి 25, 26 నుంచి 34, 35 నుంచి 54, 55 నుంచి 134, ఆపై తిన్నని రాక్ వరకు ఒకటి. 36 పళ్ల గేరుకు 35 నుంచి 54 వరకు కోసే కట్టర్ కావాలి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. డీపీ సెట్లలో అంకెలు పెద్ద గేరు నుంచి చిన్న గేరుకు నడుస్తాయి, అందులో ఇది 3వ నంబర్. మాడ్యూల్ సెట్లలో చాలావాటికి వరుస తిరగబడుతుంది, అందులో ఇది 6వ నంబర్. నంబర్ చెప్పి తెప్పించుకుంటే తప్పు కట్టర్ రావచ్చు. కట్టర్ మీద చెక్కిన మాడ్యూల్, ప్రెషర్ కోణం, పళ్ల హద్దు మూడూ చదివి తీసుకోవడమే క్షేమం.

ప్రతి కట్టర్ తన హద్దులోని అతి తక్కువ పళ్లకు సరిగ్గా సరిపోతుంది, మిగతావాటికి కొద్దిగా తేడా వస్తుంది. ఈ గేరుకు ఆ తేడా లెక్కలోది కాదు. వేగంగా తిరిగే గేర్లకు మాత్రం హాబింగ్ మెషిన్ మీద కోయించడమే మంచిది. అందులో పళ్లన్నీ నిరంతరంగా, సరైన ఇన్వల్యూట్‌లో వస్తాయి.

కోత

బ్లాంక్‌ను మాండ్రిల్ మీద బిగించి ఒక కొసను డివైడింగ్ హెడ్‌కు, మరో కొసను టెయిల్‌స్టాక్‌కు ఇస్తారు. కట్టర్ నడుమ గీత బ్లాంక్ కేంద్రం మీద సరిగ్గా ఉండాలి. అది పక్కకు తప్పితే పళ్లన్నీ ఒకే వైపు వాలుతాయి. తర్వాత బల్లను పైకి ఎత్తి కట్టర్ బ్లాంక్‌ను రవ్వంత తాకే చోటు పట్టుకుంటారు. అదే సున్నా. అక్కడి నుంచి పంటి పూర్తి లోతు మాడ్యూల్‌కు 2.25 రెట్లు, అంటే ఈ గేరుకు 4.5 మిల్లీమీటర్లు.

అసలు కోతకు ముందు చుట్టూ సన్నని గీతలు పెట్టి చూడాలి. 36 సార్లు తిప్పాక మొదటి గీత మీదికే కట్టర్ వస్తే లెక్క సరిపోయింది. రాకపోతే రంధ్రాల ఎంపికలో పొరపాటు ఉంది, ఉక్కు ఇంకా పాడవలేదు.

మెషిన్ పాతది కాబట్టి కోత దిశకు చాలా ప్రాముఖ్యం ఉంది. కట్టర్ పళ్లు తిరిగే దిశకు ఎదురుగా బల్లను నడిపితే కట్టర్ బల్లను వెనక్కి నెడుతుంది, స్క్రూ ఎప్పుడూ ఒకే పక్కకు ఆనుకుని ఉంటుంది. అదే దిశలో నడిపితే కట్టర్ బల్లను తనవైపు లాగుతుంది. నట్టు అరిగి ప్లే ఉన్న మెషిన్‌లో బల్ల ఒక్కసారిగా ముందుకు దూకి కట్టర్ విరగవచ్చు, మాండ్రిల్ వంగవచ్చు. అందుకే పాత మెషిన్ల మీద ఎదురు కోతే సురక్షితం.

హైస్పీడ్ స్టీల్ కట్టర్‌తో ఈఎన్8 మీద నిమిషానికి సుమారు 25 మీటర్ల వేగం తగినది. కట్టర్ వ్యాసం 63 మిల్లీమీటర్లు అయితే నిమిషానికి సుమారు 126 చుట్లు. దానికి దగ్గరగా, కాస్త తక్కువగా మెషిన్‌లో ఉన్న వేగం పెట్టి, కూలెంట్ ఆపకుండా పోయాలి. లోహపు తురుమును బ్రష్‌తోనే తోయాలి, చేతితో కాదు.

పోయింది ఫీడ్ గేర్‌బాక్స్‌లోని గేరే అయితే మరో సౌలభ్యం ఉంది. కట్టర్‌ను తిప్పే స్పిండిల్ గేర్లు వేరు, బల్లను నడిపే ఫీడ్ గేర్లు వేరు. ఫీడ్ పోయినా స్పిండిల్ తిరుగుతుంది, బల్లను చేతి చక్రంతో మెల్లగా నడపవచ్చు. అలా మెషిన్ తన విరిగిన గేరును తన మీదే కోసుకోగలదు. స్పిండిల్ వరుసలోని గేరు పోతే మాత్రం మరో మెషిన్‌ను ఆశ్రయించాలి.

కొలత, సవరణ

మొదటి చుట్టు కోత 4.2 మిల్లీమీటర్ల లోతుకే ఆపి, నాలుగు పళ్ల కొలత తీయాలి. లెక్క ప్రకారం అది 21.88 దగ్గర వస్తుంది. పూర్తి లోతుకు 21.67, జత పళ్ల మధ్య నూనెకు, వేడికి కాస్త చోటు వదిలితే 21.60 కావాలి. ఇంకా 0.28 తగ్గాలి. 20 డిగ్రీల పళ్లకు లోతు ఒక మిల్లీమీటర్ పెరిగితే ఈ కొలత 0.684 తగ్గుతుంది. కాబట్టి 0.28ని 0.684తో భాగిస్తే 0.41. అంతే లోతు పెంచి చివరి చుట్టు కోస్తే పంటి మందం అనుకున్నట్టు వస్తుంది. బయటి వ్యాసంలో చిన్న తప్పు ఉన్నా ఈ పద్ధతికి పట్టదు, ఎందుకంటే ఇది పంటి పక్కలను నేరుగా కొలుస్తుంది.

కోత అయ్యాక అంచుల బర్ర్ తీసేయాలి. లివర్‌తో జరిపి జత కలిపే గేరు అయితే, పళ్ల ఒక కొసను గుండ్రంగా రుద్దాలి, లేకపోతే అది జతలోకి దిగదు. పాత గేరుకు ఆ గుండ్రం ఏ పక్కన ఉందో ముందే చూసి పెట్టుకోవాలి.

గట్టిపరచడం

ఈఎన్8 గేరును సుమారు 850 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసి చల్లార్చి, మళ్లీ తక్కువ వేడితో టెంపర్ చేస్తారు, లేదా పళ్లను మాత్రమే మంటతోనో, ఇండక్షన్‌తోనో గట్టిపరుస్తారు. ఈఎన్353 వంటి ఉక్కును 900 డిగ్రీలకు పైన కార్బన్ వాతావరణంలో గంటల తరబడి ఉంచితే పైపొరలోకి కార్బన్ ఇంకుతుంది, తర్వాత చల్లార్చితే పైపొర గాజులా గట్టిపడి లోపలి భాగం మెత్తగా మిగులుతుంది. ఈ పనికి అదుపులో ఉండే కొలిమి కావాలి. చిన్న ఊరి షాపులు దీన్ని హైదరాబాద్ వంటి చోట్లకు పంపుతాయి. బాలానగర్‌లో 1968లో ఏర్పడిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఈ తరహా పనుల్లో నిపుణులను తయారుచేసే సంస్థ.

వేడి తగిలితే ఉక్కు కొద్దిగా వంకరపోతుంది, రంధ్రం కొలత మారుతుంది. అందుకే రంధ్రానికి ముందే 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్లు తక్కువ వదిలి, గట్టిపరిచాక గ్రైండింగ్‌తో చివరి కొలతకు తెస్తారు. తక్కువ వేగంతో, తక్కువ బరువుతో తిరిగే ఫీడ్ గేరుకు గట్టిపరచని ఈఎన్8 కూడా చాలాకాలం పనిచేస్తుంది.

నట్టుకూ ఇదే సూత్రం

బల్ల స్క్రూ నట్టు మార్చడంలోనూ ఆలోచన ఇదే. స్క్రూ ఎప్పుడూ నడిమి భాగంలోనే ఎక్కువ పనిచేస్తుంది, కాబట్టి అక్కడే అరుగుతుంది, కొసలు కొత్తవిలా ఉంటాయి. కొత్త నట్టును నడిమి భాగానికి బిగువుగా చేస్తే కొసల దగ్గర ఇరుక్కుంటుంది. అందుకే కొలత కొసల దగ్గర తీయాలి. పది థ్రెడ్ల దూరం 50.0 ఉంటే 5 మిల్లీమీటర్ల మెట్రిక్ పిచ్, 50.8 ఉంటే అంగుళానికి 5 థ్రెడ్లు. మెట్రిక్ ట్రాపిజాయిడల్ థ్రెడ్ కోణం 30 డిగ్రీలు, ఆక్మే థ్రెడ్ కోణం 29. బల్ల స్క్రూ కుడి థ్రెడ్‌దో ఎడమ థ్రెడ్‌దో కోసేముందు చూసుకోవాలి. నట్టుకు 88 పాళ్ల రాగి, 10 పాళ్ల తగరం, 2 పాళ్ల జింక్ ఉన్న గన్‌మెటల్ తగినది. అది మెత్తనిది కాబట్టి ఖరీదైన స్క్రూ బదులు తానే అరుగుతుంది. స్క్రూ నడుమ మరీ అరిగిపోతే కొత్త నట్టు ఒక్కటే చాలదు, స్క్రూను కూడా మార్చాలి.

బిగింపు, పరీక్ష

కొత్త గేరును షాఫ్ట్ మీదికి తోసి, కీ పెట్టి, జత గేరుతో కలిపి చేతితో పూర్తిగా ఒక చుట్టు తిప్పి చూడాలి. ఎక్కడైనా బిగువు తగిలితే కారణం కేంద్రం తప్పడమో, ఏదో ఒక పన్ను సరిగా పంచకపోవడమో. పళ్ల మీద మార్కింగ్ బ్లూ పలచగా పూసి తిప్పితే జత పన్ను ఎక్కడ ఆనిందో కనిపిస్తుంది. గుర్తు పంటి వెడల్పు నిండా, ఎత్తు మధ్యలో పడాలి. వెడల్పులో ఒక చివరనే పడితే షాఫ్ట్‌లు సమాంతరంగా లేవు. పంటి శిఖరం దగ్గరో మొదట్లోనో పడితే కోత లోతో, కట్టర్ ఎంపికో తప్పింది.

తర్వాత గేర్‌బాక్స్‌లో పాత నూనె పూర్తిగా తీసేయాలి. విరిగిన పళ్ల ముక్కలు, రవ్వలు అడుగున మిగిలితే కొత్త గేరు మొదటి గంటలోనే వాటిని నమిలి చెడిపోతుంది. పెట్టెను కడిగి, మెషిన్ చెప్పిన గ్రేడు నూనె పోసి, ముందు తక్కువ ఫీడ్‌తో, బల్ల మీద బరువు లేకుండా నడిపించాలి. కొద్ది గంటల తర్వాత నూనె మరోసారి మార్చి, ఆ తర్వాతే పూర్తి బరువు పెట్టాలి.

చివరి పని కాగితం మీదిది. మాడ్యూల్, పళ్ల సంఖ్య, ప్రెషర్ కోణం, నాలుగు పళ్ల కొలత, రంధ్రం హద్దులు, ఉక్కు రకం, గట్టిదనం, జత గేరు పళ్లు, షాఫ్ట్‌ల దూరం ఒక డ్రాయింగ్ మీద రాసి ఉంచితే, మళ్లీ అవసరమైన రోజు అరిగిన ముక్కను కొలవాల్సిన పని ఉండదు. తయారీదారు దగ్గర దొరకని సమాచారం అప్పటికి షాపులోనే ఉంటుంది.